పెయింట్‌బాల్ మార్కర్ విపరీతంగా గ్యాస్ తాగుతోంది: 20 ఔన్సుల ట్యాంకుకు 400 షాట్లే వస్తున్నాయి

మైపాడు మైదానం
మే 26, ఆదివారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో ఎకరం నేల కౌలుకు తీసుకుని ఏడాదిగా పెయింట్‌బాల్ ఆడిస్తున్నాను. పది మార్కర్లు, అంటే గ్యాస్ ఒత్తిడితో రంగు గుండ్లు కొట్టే తుపాకులు, ఉన్నాయి. అన్నీ ఒకే రకం. పైన బోల్టు (గుండును ముందుకు తోసేది), కింద హ్యామర్ (వాల్వును కొట్టి తెరిచేది) ఉండే బ్లోబ్యాక్ మార్కర్లు (షాటు కొట్టాక హ్యామర్‌ను గ్యాసే వెనక్కి నెట్టే రకం), కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేస్తాయి. ఒక్కోదానికి 20 ఔన్సుల అల్యూమినియం ట్యాంకు.

కొన్నప్పుడు ట్యాంకుకు 800 షాట్ల దాకా వస్తాయని చెప్పారు. మొదటి రెండు నెలలూ వచ్చాయి కూడా. ఇప్పుడు ఎనిమిది మార్కర్లు 550 దగ్గర ఆగిపోతున్నాయి. 4, 7 నంబర్లయితే 400 దాటడం లేదు. చెవి పెట్టి విన్నా బుస్సుమనే శబ్దం ఎక్కడా లేదు.

వేసవి సెలవుల్లోనే మాకు నాలుగు డబ్బులు కనిపించేది. నిన్న కోవూరు నుంచి పదహారు మంది పిల్లలు వచ్చారు. రెండో ఆట సగంలో ఇద్దరి మార్కర్లు చల్లబడిపోయాయి. వాళ్ల ముఖాలు చూస్తే ప్రాణం ఉసూరుమంది. స్ప్రింగులు మార్చమని ఒకరు, ఏకంగా మార్కర్లే మార్చమని మరొకరు అంటున్నారు. డబ్బు పెట్టే ముందు తెలిసినవాళ్ల మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను.

ఉదయగిరి కోట
మే 26, ఆదివారం, రాత్రి 9:52

స్ప్రింగులే. ఏడాది వాడకానికి వాల్వు వెనకాల ఉండే చిన్న స్ప్రింగు మెత్తబడుతుంది. హ్యామర్ కొట్టినప్పుడు వాల్వు తెరుచుకుంటుంది కానీ వెంటనే మూసుకోదు. ఆ ఆలస్యంలో పోయే గ్యాసంతా వృథాయే. పది మార్కర్లకూ వాల్వు స్ప్రింగు, హ్యామర్ స్ప్రింగు జతగా మార్చేయండి. నేను నా రెండింటికీ అలాగే చేశాను, తేడా కనిపించింది.

కావలి పానా
మే 26, ఆదివారం, రాత్రి 10:30

కోట గారు చెప్పింది జరగదని అనను, జరుగుతుంది. కానీ పది మార్కర్లలో ఎనిమిది ఒక తీరుగా, రెండు మరో తీరుగా ఉన్నాయంటే ఒకటికి మించి కారణాలు ఉన్నట్టు. విప్పడం మొదలుపెడితే ఏది ఏ జబ్బో ఇక తెలియదు. తమ్ముడూ, రెండు రోజులు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. ముందు త్రాసు సంపాదించు.

కార్బన్ డయాక్సైడ్ ట్యాంకులో ఎంత ఉందో పీడనం చూసి చెప్పలేం. లోపల చివరి చుక్క ద్రవం ఉన్నంతవరకూ గేజి దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. వంటగ్యాసు బండ లాంటిదే ఇదీ. బరువు ఒక్కటే నిజం చెబుతుంది. ఈ తూకాలు వేసి రాయి.

పూర్తిగా ఖాళీ అయిన ట్యాంకు బరువు ఎంత. నింపుకుని వచ్చిన వెంటనే బరువు ఎంత. నిండిన ట్యాంకు ఒంటరిగా రాత్రంతా ఉంచితే ఎంత తగ్గింది, మార్కర్‌కు బిగించి ఉంచితే ఎంత తగ్గింది. చివరిగా, సరిగ్గా వంద షాట్లు కొట్టాక ఎంత తగ్గింది.

ఆరోగ్యంగా ఉన్న బ్లోబ్యాక్ మార్కర్ ఒక్కో షాటుకు అర గ్రాము నుంచి ముప్పావు గ్రాము దాకా గ్యాస్ వాడుతుంది. 20 ఔన్సులంటే 567 గ్రాములు. లెక్క అక్కడ మొదలవుతుంది.

ఒంగోలు గిత్త
మే 26, ఆదివారం, రాత్రి 11:05

నాదొక మాట. ఈ ఎండల్లో కార్బన్ డయాక్సైడ్‌తో వేగడం కంటే గాలికి మారిపోవడం మంచిది. అధిక పీడన గాలి ట్యాంకుకు రెగ్యులేటర్ ఉంటుంది, ఎండైనా నీడైనా ఒకే పీడనం ఇస్తుంది. 48 ఘనపు అంగుళాల ట్యాంకును 3,000 పీఎస్ఐ పీడనానికి నింపితే సుమారు 480 షాట్లు వస్తాయి. కొత్తపట్నం తీరంలో మేము అలాగే ఆడుతున్నాం.

మైపాడు మైదానం
మే 27, సోమవారం, ఉదయం 7:10

అందరికీ కృతజ్ఞతలు. గిత్త అన్నా, గాలి నింపాలంటే అంత పీడనం ఇచ్చే కంప్రెసర్ కావాలి కదా, ఈ ఏడాది నా వల్ల కాదు. పానా అన్నా, మా మేనమామ కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ త్రాసు ఉంది, ఒక గ్రాము వరకూ చూపిస్తుంది. మంగళ, బుధవారాలు మైదానానికి సెలవు. తూకాలన్నీ వేసి రాస్తాను.

కందుకూరు కుర్రాడు
మే 27, సోమవారం, ఉదయం 8:45

నేను కొత్తవాణ్ని. నా దగ్గర 12 గ్రాముల చిన్న గుళికతో నడిచే పంపు మార్కర్ ఉంది. గుళికకు పాతిక షాట్లు వస్తున్నాయి. ఇది తక్కువా, సరిపోయిందా?

కావలి పానా
మే 27, సోమవారం, ఉదయం 9:20

సరిపోయింది. పాతికంటే షాటుకు అర గ్రాము కంటే తక్కువే. పంపు మార్కర్‌లో హ్యామర్‌ను నీ చేయి వెనక్కి లాగుతుంది, బ్లోబ్యాక్‌లో ఆ పని కూడా గ్యాసే చేయాలి. అందుకే నీది పొదుపు.

మైపాడు మైదానం
మే 29, బుధవారం, రాత్రి 8:40

తూకాలు వేశాను. నోటు పుస్తకంలో రాసుకున్నవి ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఖాళీ ట్యాంకు 1,040 గ్రాములు. నింపుకుని వచ్చాక 1,452. అంటే లోపల ఉన్నది 412 గ్రాములే! నమ్మకం కుదరక మిగతావీ తూచాను. ఏ ఒక్కటీ 430 గ్రాములు దాటలేదు. 567 ఉండాల్సిన చోట 412 ఉంటే నేను ఇన్నాళ్లుగా మార్కర్లను తిట్టుకుంటున్నాను.

ఒంటరిగా ఉంచిన ట్యాంకు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. 4వ నంబరుకు బిగించినది ఒక గ్రాము తగ్గింది. 7వ నంబరుకు బిగించినది 14 గ్రాములు తగ్గింది.

ఇక వంద షాట్లు. బాగున్నవాటిలో 2వ నంబరును తీసుకున్నాను, 71 గ్రాములు వాడింది. 7వ నంబరు 93 గ్రాములు. ఇంతవరకూ అర్థమైంది. కానీ 4వ నంబరు 74 గ్రాములే వాడింది. బాగున్నదానికీ దీనికీ మూడు గ్రాములే తేడా. మరి ఆటలో అదెందుకు 400కే ఖాళీ అవుతోంది? రెండుసార్లు వేసి చూశాను, అదే అంకె.

పెన్నా గట్టు
మే 29, బుధవారం, రాత్రి 9:25

నేను రసాయనశాస్త్రం చెబుతాను, పెయింట్‌బాల్ ఆడేది మా అబ్బాయి. మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను.

కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత నొక్కినా 31 డిగ్రీల సెల్సియస్ పైన అది ద్రవంగా విడిపోదు. దాన్ని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటాం. రోహిణి కార్తెలో నెల్లూరులో నీడలోనే 40 దాటుతుంది. పెద్ద సిలిండర్ వేడిగా ఉంది, మీ చిన్న ట్యాంకు కూడా అంతే వేడిగా ఉంది. గొట్టం కలిపి తెరిస్తే రెండింటిలో పీడనం సమానం కాగానే ప్రవాహం ఆగిపోతుంది. నింపేవాళ్లు శబ్దం ఆగిందని నిండిందనుకుంటారు. మోసం చేయాలని కాకపోవచ్చు, వాళ్లు తూచడం లేదు, అంతే. జనవరిలో నింపించిన ట్యాంకు తూకం మీ దగ్గర ఉంటే ఇంతకంటే ఎక్కువే ఉండేది.

చిన్న ట్యాంకు చల్లగా ఉంటే కథ మారిపోతుంది. 0 డిగ్రీల దగ్గర దీని పీడనం సుమారు 35 బార్లు, 20 డిగ్రీల దగ్గర 57 బార్లు. అంటే చల్లని ట్యాంకు పెద్ద సిలిండర్ నుంచి ద్రవాన్ని తనంతట తాను లాక్కుంటుంది. ఖాళీ ట్యాంకును పావుగంట ఐసులో ఉంచి, తుడిచి, వెంటనే నింపించండి.

అయితే ఒక హెచ్చరిక. చల్లని ట్యాంకులోకి పట్టాల్సిన దానికంటే ఎక్కువ కూడా పోతుంది. ట్యాంకులో పట్టే నీటి బరువులో 68 శాతానికి మించి నింపకూడదన్నది వీటి నియమం, ఆ 567 గ్రాములు అక్కడి నుంచి వచ్చినవే. ఒక్క 60 గ్రాములు ఎక్కువైనా ఎండలో పీడనం అమాంతం పెరిగి ట్యాంకు వాల్వులోని రక్షణ పలక పగలవచ్చు. కాబట్టి నింపే చోట త్రాసు మీద పెట్టి, అంకె చూస్తూ నింపాల్సిందే. ఇంట్లో మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. అనుమతి ఉన్నచోటే నింపించండి.

తుమ్మలపెంట తీరం
మే 29, బుధవారం, రాత్రి 9:50

ఐసుకు మన జిల్లాలో కొదవ ఏముంది. రొయ్యల కోసం తెల్లవారుజామున ఐసు ఫ్యాక్టరీల దగ్గర లారీలు బారులు తీరుతాయి. ఒక దిమ్మ పొడి చేయించి ఊక చల్లిన పెట్టెలో వేసుకుంటే మధ్యాహ్నం దాకా కరగదు. పది ట్యాంకులూ అందులో పడుకోబెట్టవచ్చు.

కావలి పానా
మే 29, బుధవారం, రాత్రి 10:40

గట్టు గారి మాటతో మొదటి ముడి విడిపోయింది. పది మార్కర్లూ తక్కువ షాట్లు ఇవ్వడానికి కారణం ట్యాంకు సగం ఆకలితో ఉండటం. 412ను షాటుకు 0.71 గ్రాములతో భాగించి చూడండి, 580 వస్తుంది. ఆ ఎనిమిది మార్కర్లలో అసలు జబ్బే లేదు.

7వ నంబరుకు రెండు జబ్బులు. ఒకటి రాత్రిపూట కారడం, రెండోది షాటుకు 20 గ్రాముల... పొరపాటు, వంద షాట్లకు 20 గ్రాములకు పైగా ఎక్కువ తాగడం. విడివిడిగా పట్టుకుందాం.

కారడానికి: కుంకుడుకాయ రసం చిక్కగా నురుగు తీసి, ట్యాంకు బిగించిన చోట, గొట్టం రెండు చివర్లలో, పిడి కింద కుంచెతో పూయి. సబ్బు నీళ్లయినా ఫరవాలేదు కానీ కుంకుడు నురుగు ఎక్కువసేపు నిలుస్తుంది. బుడగలు సన్నగా, ఆవగింజల్లా వస్తాయి, తొందరపడకుండా రెండు నిమిషాలు చూడు. అక్కడ ఏమీ రాకపోతే వాల్వును మూసి ఉంచే కప్ సీలు మీద అనుమానం పెట్టుకోవాలి. హాపర్ (పైన గుండ్లు నింపే డబ్బా) తీసేసి, మార్కర్‌లో గుండు లేదని రూఢి చేసుకుని, బ్యారెల్ మూతికి పిల్లల బుడగ తొడుగు. పది నిమిషాల్లో అది ఉబ్బితే వాల్వు లోపలి కప్ సీలు సరిగా కూర్చోవడం లేదని అర్థం. బ్యారెల్‌లోకి కన్ను పెట్టి చూడటం మాత్రం ఎప్పుడూ, ఎవరూ చేయకూడదు. కళ్లకు మాస్కు ఉండాల్సిందే, పరీక్ష అయినా సరే.

ఎక్కువ తాగడానికి: హాపర్ తీసిన మెడ మీద అరచేతి వెడల్పు పలుచటి కాగితం పెట్టి ఒక షాటు కొట్టు. కాగితం ఎగిరిపోతే బోల్టు మీది ఓ-రింగు (గ్యాస్ కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు చుట్టు) అరిగిపోయింది, గుండును తోయాల్సిన గ్యాసు పైకి పోతోంది. తర్వాత బ్యారెల్ విప్పి, ఒక గుండును వెనక నుంచి జారవిడువు. దానంతటదే దొర్లి అవతల పడితే గుండు చిన్నది, బ్యారెల్ పెద్దది, పక్కసందుల్లోంచి గ్యాసు పారిపోతోంది. గుండు లోపల ఆగి, నోటితో ఊదితే బయటపడాలి. అదీ కుదిరిన జత. ఇవయ్యాక క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) ముందు వేగం చూడు.

4వ నంబరు సంగతి నాకూ అంతుపట్టలేదు. అది ఆటలో ఎవరి చేతికి వెళుతుంది, ఎక్కడ నిలబడి కొడతారు, చెప్పు.

మైపాడు మైదానం
మే 30, గురువారం, ఉదయం 6:30

4వ నంబరుకు బ్యారెల్ పొడవు. అందుకని ఎప్పుడూ మంచె మీది ఆటగాడికి ఇస్తాను. మైదానం మధ్యలో సజ్జ చేల కాపలాకు వేసే లాంటి మంచె ఒకటి కట్టించాను, పది అడుగుల ఎత్తు. దానిమీద కాపలా ఉన్నవాడు కిందికి కొడుతూ ఉంటాడు. పిల్లలకు ఆ చోటంటే పోటీ.

కావలి పానా
మే 30, గురువారం, ఉదయం 6:55

దొరికింది! తమ్ముడూ, ఆ మాట ముందే అడగాల్సింది.

నీ ట్యాంకు పిడి కింద నుంచి వెనక్కి, ఆటగాడి భుజం వైపు ఉంటుంది కదా. వాల్వు ముందు ఉంటుంది, అడుగు వెనక ఉంటుంది. మార్కర్‌ను కిందికి వంచితే ట్యాంకు తలకిందులవుతుంది. లోపలి ద్రవమంతా వాల్వు దగ్గరికి చేరి, వాయువుకు బదులు ద్రవమే మార్కర్‌లోకి పోతుంది. అదే పరిమాణంలో ద్రవం బరువు కొన్ని రెట్లు ఎక్కువ. బ్యారెల్ మూతి దగ్గర తెల్లటి పొగ మబ్బులా రావడం, ట్యాంకు మెడ మీద మంచు కట్టడం మంచె మీద చూశావా?

మైపాడు మైదానం
మే 30, గురువారం, ఉదయం 7:05

చూశాను. పిల్లలు దాన్ని చూసి కేరింతలు కొడతారు. అది బాగుందనే అనుకున్నాను.

పెన్నా గట్టు
మే 30, గురువారం, ఉదయం 8:30

ఒక సందేహం నేనే లేవనెత్తి నేనే తీర్చాలి. 31 డిగ్రీలు దాటితే ద్రవమే ఉండదని నిన్న రాశాను. మరి 40 డిగ్రీల ఎండలో మంచె మీద ద్రవం ఎక్కడిది?

ట్యాంకు నుంచి గ్యాస్ బయటికి వెళ్లేకొద్దీ లోపల చల్లబడుతుంది. వరుసగా షాట్లు కొడుతూ పోతే ట్యాంకు గోడ చేతికి చల్లగా తగులుతుంది, అప్పటికే లోపల 31 కంటే దిగువకు వచ్చి ద్రవం, వాయువు వేరుపడి ఉంటాయి. పైగా సాయంత్రం నాలుగు తర్వాత సముద్రపు గాలి తిరిగాక ట్యాంకులు నీడలో ఉంటే ఇంకా తొందరగా. అందువల్ల ట్యాంకు చల్లబడ్డాక పానా గారు చెప్పిందే జరుగుతుంది.

ఇంకొకటి. నిండా నింపిన ట్యాంకును నడి ఎండలో వదిలేస్తే లోపలిదంతా ఒకే చిక్కటి ప్రవాహిగా మారి, పీడనం 100 బార్లు దాటుతుంది. అప్పుడు ట్యాంకును ఎటు వంచినా చిక్కటిదే బయటికి వస్తుంది. షాటు వేగమూ పెరుగుతుంది, గ్యాసూ పోతుంది. ట్యాంకులను తాటాకు పందిరి కింద తడి గోనెసంచిలో ఉంచడం ఖర్చు లేని మందు.

కందుకూరు కుర్రాడు
మే 30, గురువారం, ఉదయం 9:10

ట్యాంకు లోపల వంగిన గొట్టం ఒకటి ఉంటుందని విన్నాను. అది ఉంటే ద్రవం రాదంటారు, నిజమేనా?

కావలి పానా
మే 30, గురువారం, మధ్యాహ్నం 1:15

నిజం. ఆ గొట్టం వాల్వుకు లోపల బిగించి, కొన పైకి వంగి ఉంటుంది. మార్కర్ నిటారుగా, సమంగా ఉన్నంతవరకూ గొట్టం కొన ద్రవానికి పైన ఉంటుంది. అయితే ఏ మార్కర్‌కు ఏ కోణంలో ట్యాంకు బిగుస్తుందో దాన్నిబట్టి అమర్చాలి, ఒక మార్కర్‌కు కుదిరింది మరోదానికి కిందికి తిరిగి ఉండవచ్చు. మంచె మీది నుంచి నేరుగా కిందికి కొడితే అదీ మునుగుతుంది. పైగా దాన్ని బిగించాలంటే ట్యాంకు వాల్వు విప్పాలి, అది ఇంటి పని కాదు.

వాల్వు ప్రస్తావన వచ్చింది కాబట్టి అందరూ ఒక పని చేయండి. గోళ్ల రంగు సీసా తెచ్చి, ట్యాంకు మీదా ఇత్తడి వాల్వు మీదా కలిసేలా ఒక గీత గీయండి. ట్యాంకును మార్కర్ నుంచి విప్పేటప్పుడు ఆ గీత రెండుగా విడిపోతుంటే, తిరుగుతున్నది ట్యాంకు ఒక్కటే, వాల్వు మార్కర్‌లోనే ఉండిపోతోందని అర్థం. తక్షణం ఆపేయాలి. అలా ఊడిన ట్యాంకు తుపాకీ గుండులా ఎగురుతుంది. ఇతర దేశాల్లో ప్రాణాలే పోయాయి. గ్యాస్ పొదుపు కంటే ఇది పెద్ద విషయం. ట్యాంకు మెడ మీది పరీక్ష తేదీ కూడా చూడండి, ఈ ట్యాంకులకు 5 సంవత్సరాలకు ఒకసారి నీటి పీడన పరీక్ష చేయించాలి.

ఉదయగిరి కోట
మే 30, గురువారం, మధ్యాహ్నం 2:40

స్ప్రింగులన్న నా మాట తొందరపాటే, ఒప్పుకుంటున్నాను. కానీ 7వ నంబరులో వేగం ఎక్కువగా చూపిస్తే హ్యామర్ స్ప్రింగు వైపు ఒకసారి చూడండి. వెనక స్క్రూ ఎంత బిగించి ఉందో లెక్కపెట్టి రాయండి.

మైపాడు మైదానం
మే 31, శుక్రవారం, రాత్రి 9:30

7వ నంబరు కథ చెబుతాను, కొంచెం పెద్దది.

కుంకుడు నురుగు ట్యాంకు బిగించిన చోట పెట్టగానే కాదు, నిమిషమున్నర తర్వాత బుడగలు మొదలయ్యాయి. సరిగ్గా ఆవగింజలే. ట్యాంకు మూతి మీది ఓ-రింగు తీసి చూస్తే ఒకవైపు ఉబ్బి, మెత్తగా, వేలితో నొక్కితే పగుళ్లు తెరుచుకున్నాయి. మూడు నెలల కింద మోటారు విడిభాగాల దుకాణంలో కొన్న నల్లటి రింగు అది. బుడగ పరీక్షలో బ్యారెల్ మూతి నుంచి ఏమీ రాలేదు, కప్ సీలు బాగుంది. కాగితం మాత్రం గాలిపటంలా ఎగిరిపోయింది.

వంద షాట్లు అయిన వెంటనే, ట్యాంకు తీసి, గొట్టంలో మిగిలిన గ్యాస్ వదిలి మార్కర్ విప్పాను. బోల్టు మీది రింగు ఒకవైపు చదునుగా అరిగింది, దానిలో ఇసుక రేణువు ఒకటి ముల్లులా దిగి ఉంది. అది బోల్టు నడిచే గొట్టం పొడవునా సన్నటి గీత గీసింది, గోరు తగిలితే తెలుస్తోంది. హ్యామర్ బయటికి లాగితే ఒంటి నిండా తెల్లగా, పేరిన నెయ్యిలాంటిది పట్టుకుని ఉంది. అరచేతిలో పెట్టుకోగానే కరిగి కొబ్బరి వాసన వచ్చింది. నూనె అయిపోయిన రోజు మా పనివాడు తలకు రాసుకునే కొబ్బరినూనె వేశాడట. అడిగితే చెప్పాడు, పాపం మంచి ఉద్దేశంతోనే వేశాడు.

వెనక వేగం స్క్రూ పూర్తిగా లోపలికి తిరిగి ఉంది. క్రోనోగ్రాఫ్‌లో మొదటి షాటు సెకనుకు 318 అడుగులు, పదో షాటు 264, మళ్లీ కాసేపు ఆగి కొడితే 309. గుండు పరీక్షలో గుండు లోపల ఆగింది, ఊదితే వచ్చింది. గుండ్ల వల్ల ఇబ్బంది లేదు.

కావలి పానా
మే 31, శుక్రవారం, రాత్రి 10:20

నువ్వు రాసిన తీరులోనే రోగం మొత్తం కనిపిస్తోంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కార్బన్ డయాక్సైడ్ వ్యాకోచించిన ప్రతిసారీ లోపలి ఇనుము చల్లబడుతుంది. కొన్ని షాట్ల తర్వాత ఆ నూనె పేరుకుని హ్యామర్‌ను పట్టుకుంటుంది. దెబ్బ మెత్తబడి వేగం పడిపోతుంది. దానికి తోడు బోల్టు రింగు దగ్గర గ్యాస్ పోతోంది. వేగం తగ్గిందని ఎవరో స్క్రూ బిగించారు. అప్పుడు మొదటి షాట్లు 318కి వెళ్లాయి. ఒక తప్పును కప్పిపుచ్చడానికి మరో తప్పు.

వేగం 300 దాటితే ఆట ఆపాలి. అది భద్రత కోసం చాలా చోట్ల పాటించే హద్దు. గ్యాస్ లెక్కన కూడా చూడు. గుండు శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది, 280 నుంచి 318కి వెళ్తే దాదాపు 29 శాతం ఎక్కువ శక్తి కావాలి. అద్దెకు ఇచ్చే మార్కర్లను 280 దగ్గరే ఉంచు, పిల్లల ఒంటి మీద వాతలు కూడా తగ్గుతాయి.

రింగు గురించి: నల్లటి సాధారణ నైట్రైల్ రబ్బరు కార్బన్ డయాక్సైడ్‌ను స్పాంజిలా పీల్చుకుంటుంది. ట్యాంకు విప్పగానే పీల్చిన గ్యాస్ ఒక్కసారిగా బయటికి ఉబికి రబ్బరును లోపలి నుంచి చీలుస్తుంది. ట్యాంకు మూతికి యూరిథేన్ రింగే వాడాలి. గట్టిగా, తేనె రంగులోనో పారదర్శకంగానో ఉంటుంది. కొలత అడిగితే 015 అని చెప్పు.

కొబ్బరినూనె అంతా కిరోసిన్ గుడ్డతో ఇనుము మీద మాత్రమే తుడిచి, ఆరబెట్టి, పెయింట్‌బాల్ మార్కర్ నూనె రెండు చుక్కలు వెయ్యి. రింగులకు కిరోసిన్ తగలనివ్వకు.

ఒంగోలు గిత్త
మే 31, శుక్రవారం, రాత్రి 10:45

గాలికి మారేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గాలి ట్యాంకు నింపే మొనలో నూనె చుక్క కూడా వేయకూడదు. అధిక పీడనంలో గాలీ నూనే కలిస్తే డీజిల్ ఇంజనులోలా మండుతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో అలవాటైన చేయి అక్కడ కూడా నూనె వేయబోతుంది, అందుకే చెబుతున్నాను.

ఇంకో సంగతి కూడా. ఈ మార్కర్లు మొదట తయారైంది ఆటకు కాదు. అమెరికాలో అడవి చెట్లకూ పశువులకూ దూరం నుంచి రంగు గుర్తు వేయడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ కోసం చేశారు. 1981 జూన్ 27న న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్‌లో 12 మంది వాటితో మొదటి ఆట ఆడారు. ఒంగోలు జాతి మందల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి, మందలో ఒక గిత్తకు రంగు గుర్తు వేయడం ఎంత కష్టమో తెలుసు. ఆ మొదటి మనిషి అవసరం నాకు బాగా అర్థమవుతుంది.

మైపాడు మైదానం
జూన్ 2, ఆదివారం, రాత్రి 9:50

ఈ రోజు ఆట అయ్యాక రాస్తున్నాను.

శనివారం తెల్లవారుజామున ఐసు తెచ్చి, ట్యాంకులను పెట్టెలో పెట్టి, మామయ్య త్రాసు కూడా వెంట తీసుకెళ్లాను. నింపే చోట మొదట విసుక్కున్నారు. రెండు ట్యాంకులు తూచి చూపించాక వాళ్లే ముందుకు వచ్చి త్రాసు మీద పెట్టి నింపారు. 555 నుంచి 563 గ్రాముల మధ్య వచ్చాయి, ఒక్కటి కూడా 567 దాటనివ్వలేదు. ఒకటి 571కి వెళితే అక్కడే కొంచెం వదిలించాను.

7వ నంబరుకు యూరిథేన్ రింగు, కొత్త బోల్టు రింగు వేసి, శుభ్రం చేసి, స్క్రూ నాలుగు చుట్లు వెనక్కి తిప్పాను. వేగం 278 నుంచి 284 మధ్య నిలకడగా ఉంది. వంద షాట్లకు 68 గ్రాములు. రాత్రంతా ఉంచితే ఒక్క గ్రాము తగ్గింది. స్ప్రింగులు పాతవే, కోట గారూ.

4వ నంబరును మంచె ఎక్కించి, నేనే పైనుంచి వంద షాట్లు నేల మీది బస్తాలకు కొట్టాను. 118 గ్రాములు! సమంగా పట్టుకుంటే 74 వాడిన మార్కర్ అది. ట్యాంకు మెడ మీద మంచు వేలికి అంటుకుంది.

మంచె కూల్చాలా అని ఆలోచించాను. పిల్లల మనసు విరుగుతుంది. అందుకని మంచె మీది ఆటగాడి కోసం పొడవాటి చుట్టల గొట్టం ఒకటి తెప్పిస్తున్నాను. ట్యాంకు మంచె గుంజకు నిలువుగా, వాల్వు పైకి ఉండేలా కట్టేస్తాను. మార్కర్‌ను ఎటు వంచినా ట్యాంకు కదలదు.

ఈ రోజు సాయంత్రం పది మార్కర్లూ రెండు ఆటలు పూర్తిగా ఆడాయి. ఒక్కటీ మధ్యలో ఆగలేదు. మిగిలిన గ్యాస్ తూచి లెక్క కడితే ట్యాంకుకు 780 నుంచి 810 షాట్లు వస్తాయి. పానా అన్నకూ గట్టు గారికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

కావలి పానా
జూన్ 2, ఆదివారం, రాత్రి 10:15

చాలా సంతోషం తమ్ముడూ. నిలువుగా కట్టేటప్పుడు ట్యాంకును మెడ దగ్గరా నడుము దగ్గరా రెండు చోట్ల బిగించు, తీగతో కాదు, వెడల్పాటి పట్టీతో. గుంజ పడమటి వైపు ఎండ తగిలితే తాటాకు అడ్డం పెట్టు.

7వ నంబరు బోల్టు గొట్టంలో గీత పడిందన్నావు కదా, ఆ కొత్త రింగు నెలకొకసారి తీసి చూడు.

తుమ్మలపెంట తీరం
జూన్ 2, ఆదివారం, రాత్రి 10:40

మా నాలుగు మార్కర్లు రేపు తూస్తాను. యూరిథేన్ రింగులు తెప్పిస్తుంటే నావి కూడా ఓ ఇరవై కలపండి, కావలి దాకా వచ్చి తీసుకుంటాను.

మైపాడు మైదానం
జూన్ 2, ఆదివారం, రాత్రి 10:52

తప్పకుండా. యాభై తెప్పిస్తున్నాను, 015 కొలతవే.